బౌబజార్ వెలుగింటికి 150 ఏళ్లు

పుట్టినరోజున పెద్దలు నూరేళ్లు వర్ధిల్లమని దీవిస్తారు. ఆ నూరూ దాటి ఇంకో యాభై నడిచొచ్చినవారిని ఏమని దీవించాలి? కాళ్లకు దండం పెట్టి మనమే దీవెన అడగడం మర్యాద. కోల్‌కతాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌కు 2026 జులై 29తో 150 ఏళ్లు నిండుతున్నాయి. భారతీయులే చందాలు పోగుచేసి, భారతీయులే నడుపుకున్న మొట్టమొదటి పరిశోధన సంస్థ అది. పేరు పొడుగైనందువల్లనో ఏమో, అక్కడివాళ్లు దాన్ని ఉత్త ‘అసోసియేషన్’ అనే పిలిచేవారు. మనమూ అలాగే పిలుచుకుందాం.

ఈ సంస్థ పేరు చెప్పగానే సర్ సి.వి. రామన్, 1928 ఫిబ్రవరి 28, నోబెల్ బహుమతి గుర్తుకొస్తాయి. రావాల్సినవే. ఆ దండలు ఎలాగూ పడతాయి. కానీ నా చేతిలోని పూలదండ వేరేచోట వేయాలని ఉంది. 1876లో తలుపులు తెరిచిన ఈ ఇంట్లోకి రామన్ అడుగుపెట్టింది 1907లో. ఆ మధ్య 31 ఏళ్లు అక్కడ చెప్పుకోదగ్గ ఆవిష్కరణ ఒక్కటీ జరగలేదు. పరికరాలున్నాయి, గదులున్నాయి, ఉపన్యాసాలు జరిగాయి. పరిశోధకుడే రాలేదు. అయినా ఎవరూ తాళం వేసి వెళ్లిపోలేదు. నా అభినందన మొదట ఆ 31 ఏళ్లకు.

ఆ ఓపిక మూలాలు ఒక మొండి డాక్టరులో ఉన్నాయి. మహేంద్రలాల్ సర్కార్ 1833లో హౌరా దగ్గరి ఒక పల్లెలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే మేనమామల ఇంట పెరిగి, కలకత్తా మెడికల్ కాలేజీలో చేరి, 1863లో ఎం.డి. అందుకున్నాడు. ఆ విశ్వవిద్యాలయం ఆ పట్టా ఇచ్చిన రెండో వ్యక్తి ఆయనే. మొదట హోమియోపతిని దుమ్మెత్తిపోసిన అల్లోపతి డాక్టరాయన. ఒక హోమియో పుస్తకాన్ని చీల్చిచెండాడుతూ సమీక్ష రాద్దామని కూర్చుని, రాసేముందు ఆ మందులు పనిచేస్తాయో లేదో కళ్లారా చూడాలనుకున్నాడు. చూశాక మనసు మారింది. మారిన సంగతిని దాచుకోకుండా 1867లో తోటి డాక్టర్ల సభలోనే చెప్పేశాడు. వాళ్లు ఆయన్ని వెలివేసినంత పని చేశారు. రోగులు రావడం మానేశారు. హోమియోపతి సంగతి మనం ఎలా తూచినా సరే, చూసినదాన్నే నమ్ముతానని ఉన్న ప్రాక్టీసును పోగొట్టుకున్న మనిషి తర్వాత సైన్సు కోసం ఇల్లు కట్టించాడంటే నాకు ఆశ్చర్యం కలగదు.

1868లో ఆయన సొంతంగా ఒక వైద్య పత్రిక పెట్టాడు. మరుసటి ఏడాది అందులోనే, ఈ దేశస్థులు తామే సైన్సు చేసుకోవడానికి ఒక జాతీయ సంస్థ కావాలని రాశాడు. 1870 జనవరిలో చందాల కోసం ప్రకటన ఇచ్చాడు. అప్పటికి మన కాలేజీల్లో సైన్సంటే బట్టీపట్టి అప్పజెప్పే పాఠం. ప్రయోగం చేయడం దొరల పని, దాన్ని చదవడం మన పని. ఆ గీత చెరపాలనే ఆయన పట్టుదల. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వంటి పెద్దలు అండగా నిలిచారు, బంకించంద్ర చటర్జీ తన పత్రికలో బలపరిచాడు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే బెల్జియం దేశపు క్రైస్తవ గురువు ఫాదర్ లాఫోన్ కుడిభుజమయ్యాడు. జగదీశ్ చంద్ర బోస్‌కు భౌతికశాస్త్రం మీద మోజు పుట్టించింది ఈ లాఫోనే.

అడ్డంకులు తక్కువేమీ కావు. ఇండియన్ లీగ్ అనే వర్గం లేచి, దేశానికి కావాల్సింది చేతిపనులు నేర్పే బడిగానీ ఈ శుద్ధ సైన్సు దేనికని వాదించింది. కూడు పెట్టే విద్య ముందా, ప్రశ్న పుట్టించే విద్య ముందా అన్న ఆ తగాదా నేటికీ మన ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగు దగ్గర వినబడుతూనే ఉంటుంది. మహేంద్రలాల్ బెసగలేదు. మూలశాస్త్రం లేకుండా వచ్చే పనితనం ఎరువు సొమ్మని ఆయన వాదన. చివరికి ఆయన మాటే నెగ్గింది. 1876 జులై 29న బౌబజార్ వీధిలోని 210 నంబరు ఇంట్లో అసోసియేషన్ మొదలైంది. ప్రభుత్వ సాయం వద్దనలేదు, పెత్తనం మాత్రం ఒప్పుకోలేదు.

చందాలిచ్చినవారిలో మన తెలుగు నేల మనిషి ఒకరున్నారు. ఆ ఆవరణలో అసలు ప్రయోగశాల భవనం లేచింది 1890ల మొదట్లో, విజయనగరం మహారాజు విరాళంతో. అందుకే దానికి ‘విజయనగరం లేబొరేటరీ’ అని పేరు పెట్టారు. అప్పుడు విజయనగరం గద్దె మీద ఉన్నది ఆనంద గజపతి. గురజాడ అప్పారావు తన ‘కన్యాశుల్కం’ అంకితమిచ్చింది ఈయనకే. ఆనంద గజపతి అనగానే మనకు సంగీతం, సాహిత్యం, నాటకం తలపుకొస్తాయి. కలకత్తాలో ఒక భౌతికశాస్త్ర ప్రయోగశాల కూడా ఆ సంస్థానం ఖాతాలో ఉందన్న సంగతి మన సాహిత్య చరిత్రలలో కనబడదు. అక్కడ వెంటనే ఫలితమేదీ రాలేదు కాబట్టి, ఆ రోజుల్లో దివాణంలో ఎవరైనా లెక్క అడిగి ఉంటే జవాబు చెప్పడం కష్టమే అయ్యుండేది.

మహేంద్రలాల్ వైద్యుడిగా మళ్లీ నిలదొక్కుకున్నాడు. 1885లో రామకృష్ణ పరమహంసకు గొంతు జబ్బు చేస్తే చూసింది ఆయనే. నాడి చూడడానికి వచ్చి గంటలకొద్దీ వాదనలో కూర్చుండిపోయేవాడు. కానీ అసోసియేషన్ విషయంలో మాత్రం చివరి ఏళ్లలో మనసు విరిగింది. వినడానికి జనం వస్తారు, చేయడానికి ఎవరూ రారు. ఉన్న నిధులు ఒక ఆచార్యుణ్ణి పూర్తికాలం పెట్టుకోవడానికి చాలవు. తన శ్రమంతా వృథా అయిందేమోనన్న దిగులుతోనే 1904 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. తన తర్వాత ఎవరో యువకులు వచ్చి దీన్ని నిలబెట్టాలన్న కోరిక మాత్రం వదులుకోలేదు. కొడుకు అమృతలాల్ సర్కార్ కార్యదర్శిగా ఉండి ఆ ఖాళీ ఇంటికి కాపలా కాశాడు.

మూడేళ్లు గడిచాయి. ఆ రావాల్సినవాడు రైల్లో మద్రాసు నుంచి వచ్చాడు. వచ్చింది సైన్సు కోసం కాదు, సర్కారు ఉద్యోగానికి.

చంద్రశేఖర వెంకట రామన్ పుట్టింది తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో, 1888 నవంబరు 7న. చదువు మొదలైంది మాత్రం విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవారు. నాలుగేళ్ల వయసులో ఆ ఊరు చేరిన పిల్లవాడు పదకొండో ఏట మెట్రిక్యులేషన్ ముగించి, తండ్రి పనిచేసే కాలేజీలోనే ఎఫ్.ఏ. చదివాడు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. 1906లో, పద్దెనిమిదేళ్లకే, లండన్ నుంచి వెలువడే ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’లో కాంతి తరంగాల వివర్తనం గురించి ఆయన వ్యాసం అచ్చయింది. అంత తెలివి ఉన్నా ఈ దేశంలో ఆ తెలివికి ఉద్యోగం లేదు. ఆర్థిక శాఖ పోటీ పరీక్ష రాసి మొదటి ర్యాంకు తెచ్చుకుని, 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరాడు. కొత్తగా పెళ్లయిన లోకసుందరితో కాపురం పెట్టాడు.

ఆఫీసుకు ట్రాములో వెళ్తూ వస్తూ ఉండగా బౌబజార్ వీధిలో ఒక బోర్డు ఆయన కంటబడింది. దిగి వెళ్లి తలుపు తట్టాడు. తలుపు తీసింది ఆశుతోష్ దే, అందరూ ‘ఆశూబాబు’ అనేవారు. అమృతలాల్ ఆ కుర్రాణ్ణి చూసి పొంగిపోయాడట. పొంగిపోడా మరి! తండ్రి ఎవరి కోసం ఎదురుచూసి పోయాడో ఆ మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తాళాలు చేతిలో పెట్టేశారు.

ఆశూబాబు సంగతి ఇక్కడే చెప్పేయాలి. లేకపోతే రామన్ కథ వేగంలో ఆయన కొట్టుకుపోతాడు. కాలేజీ గడప తొక్కని మనిషి. రామన్‌కు పరికరాలు బిగించిపెడుతూ, ఆయన తెల్లవారకముందే వస్తే తలుపు తీస్తూ, రాత్రి ఆయన వెళ్లాక తలుపు వేస్తూ, ఆ పనిలోనే ప్రయోగం నేర్చుకున్నాడు. నీళ్లలో వస్తువు పడినప్పుడు పుట్టే చప్పుడు మీద రామన్‌తో కలిసి రాసిన వ్యాసం 1920లో ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’లో వచ్చింది. రాయల్ సొసైటీ పత్రికలోనూ ఆయన పేరు అచ్చయింది. విశ్వవిద్యాలయం చూడని వ్యక్తి లండన్ రాయల్ సొసైటీ పత్రికలోకి ఎక్కడం అసోసియేషన్ వంటి చోటే జరుగుతుంది. లోపలికి రావడానికి అక్కడ పట్టా చూపించమని అడగలేదు కదా.

తొలి పదేళ్లు రామన్ దినచర్య చదివితే మనకు ఆయాసం వస్తుంది. పొద్దున్నే లేచి ప్రయోగశాల, తర్వాత హడావిడిగా భోజనం, పగలంతా ఆఫీసు లెక్కలు, సాయంత్రం మళ్లీ ప్రయోగశాల, రాత్రి పొద్దుపోయాక ఇల్లు. మధ్యలో రంగూన్‌కూ నాగపూర్‌కూ బదిలీలు వచ్చాయి. తిరిగొచ్చాక అసోసియేషన్ పక్కనే ఇల్లు తీసుకుని, నేరుగా ప్రయోగశాలలోకి వెళ్లేందుకు ఒక తలుపు పెట్టించుకున్నాడు. లోకసుందరి గారి ఓపికకు వేరే అభినందన సభ జరపాలి.

ఆ రోజుల్లో ఆయన మనసంతా తరంగాల మీదే ఉండేది, ముందు ధ్వని తరంగాల మీద. వయొలిన్ తీగ ఎలా కంపిస్తుంది, తంబురా నాదంలో ఆ నిండుదనం ఎక్కడిది, వీణ మెట్ల మీద తీగ ఏం చేస్తుంది, ఇవన్నీ ఆయనకు ప్రశ్నలే. మామూలు డోలు చర్మం కొడితే వచ్చే పైస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు, అందుకే అది చప్పుడు. మృదంగం, తబలాల మూత నడుమ నల్లటి ముద్ద అద్దుతారు. ఆ అదనపు బరువు వల్ల పైస్వరాలు మూలస్వరానికి రెట్టింపు, మూడింతలు ఇలా సరైన లెక్కలో పడతాయి, అందుకే అది నాదం. ఏనాడో మన వాద్యకారులు చెవితో కనిపెట్టిన ఈ కిటుకును 1920లో శివకాళి కుమార్‌తో కలిసి రామన్ ‘నేచర్’ పత్రికలో వివరించాడు. నన్నడిగితే నోబెల్ రాకపోయినా ఈ ఒక్క పనికి ఆయన మన కచేరీ వేదికల మీద శాలువా కప్పించుకోదగ్గవాడు.

1917లో సర్ ఆశుతోష్ ముఖర్జీ పిలిచి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇచ్చాడు. జీతం దాదాపు సగానికి పడిపోతుంది. రామన్ రెండో ఆలోచన లేకుండా సర్కారు కొలువు వదిలేశాడు. ఆ పదవికి విదేశంలో శిక్షణ పొంది ఉండాలన్న షరతు ఉంటే, వెళ్లనన్నాడు. షరతునే సడలించారు.

విదేశం వెళ్లక తప్పని సందర్భం 1921లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయాల సభ ముగించుకుని ‘నార్కుండా’ ఓడలో తిరిగొస్తుండగా మధ్యధరా సముద్రపు నీలం ఆయన్ని కట్టిపడేసింది. ఆకాశం నీలం ఎందుకో లార్డ్ రేలీ అంతకుముందే చెప్పాడు: గాలిలోని అణువులు సూర్యకాంతిని చెదరగొడతాయి, పొట్టి తరంగాలున్న నీలం ఎక్కువగా చెదురుతుంది. సముద్రపు నీలం మాత్రం ఆకాశపు ప్రతిబింబమేనని అదే రేలీ తేల్చేశాడు. రామన్ జేబులో నికోల్ పట్టకం ఉంది. నీటి ఉపరితలం నుంచి ఒక తగిన కోణంలో ప్రతిఫలించే కాంతి ధ్రువణమై ఉంటుంది కాబట్టి, పట్టకాన్ని సరిగ్గా తిప్పితే ఆ ప్రతిబింబం ఆరిపోతుంది. తిప్పి చూశాడు. ఆకాశపు ప్రతిబింబం పోయింది. సముద్రపు నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. అంటే నీటి అణువులే స్వయంగా కాంతిని చెదరగొడుతున్నాయి. ఓడ బొంబాయి చేరేలోగా వ్యాసం సిద్ధమైంది.

ఇక్కడినుంచి ఏడేళ్లు అసోసియేషన్‌లో ఒకటే జపం: కాంతిని ద్రవాల్లోంచి పంపడం, పక్కకు చెదిరినదాన్ని చూడడం. 1923లో రామన్ శిష్యుడు కె.ఆర్. రామనాథన్ నీటిని పరీక్షిస్తుంటే, చెదిరిన కాంతిలో రంగు మారిన మసక వెలుగు ఒకటి కనిపించింది. మలినాల వల్ల వచ్చే ప్రతిదీప్తి అనుకున్నారు. ద్రవాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు. మసక వెలుగు పోలేదు. 1925లో ఇంకో శిష్యుడు కె.ఎస్. కృష్ణన్‌కూ అదే ఎదురైంది. తర్వాత ఎస్. వెంకటేశ్వరన్, పగలు ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ప్రయోగశాలకు వచ్చే రసాయన శాస్త్రజ్ఞుడు, శుద్ధమైన గ్లిజరిన్‌లోంచి సూర్యకాంతి నీలంగా కాక ఆకుపచ్చగా చెదరడం చూశాడు. ఆ ఆకుపచ్చ గట్టిగా ధ్రువణమై ఉంది. ప్రతిదీప్తి అలా ఉండదు. అప్పుడు తేలింది, ఇది మురికి కాదు, కొత్త సంగతి అని.

అదే సమయంలో దాని వెనకున్న సిద్ధాంతం రామన్ బుర్రలో ఒక కొలిక్కి వస్తున్నది ఎక్కడనుకున్నారు? మన వాల్తేరులో. 1927 చివర్లో సెలవులకని వచ్చి, చిన్ననాటి సముద్రం ఒడ్డున కూర్చుని కాంప్టన్ ఫలితం మీద లెక్కలు కట్టాడు. ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లను ఢీకొంటే వాటి తరంగదైర్ఘ్యం పెరుగుతుందని ఆర్థర్ కాంప్టన్ 1923లో చూపించాడు. 1927లోనే ఆయనకు నోబెల్ వచ్చింది. ఎక్స్ కిరణాలకు జరిగేది కంటికి కనిపించే కాంతికి మాత్రం ఎందుకు జరగకూడదన్న పట్టుదలతో రామన్ కలకత్తాకు తిరిగొచ్చాడు.

1928 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కృష్ణన్, రామన్ వాడిన పరికరాలను ఇప్పుడు చెబితే బడి పిల్లలు కూడా నవ్వుతారు. మొత్తం కలిపి కొన్ని వందల రూపాయల సరుకు. సూర్యకాంతిని పోగుచేయడానికి ఒక దూరదర్శిని కటకం. దారిలో నీలి-ఊదా రంగును మాత్రమే పోనిచ్చే వడపోత గాజు. తర్వాత శుద్ధి చేసిన ద్రవం ఉన్న సీసా. చూసేవాడి కంటి ముందు పసుపు-ఆకుపచ్చను మాత్రమే పోనిచ్చే ఇంకో గాజు. మొదటి గాజు పంపే రంగును రెండోది ఆపేస్తుంది. కాబట్టి ద్రవం రంగు మార్చకపోతే కంటికి చీకటే మిగలాలి. దాదాపు అరవై ద్రవాలు పెట్టి చూశారు, ఆవిర్లు కూడా చూశారు. చీకటి మిగల్లేదు. ప్రతిదానిలోనూ సన్నటి కాంతి జాడ నిలిచింది. కన్ను చీకటికి అలవాటుపడేదాకా కూర్చుని, వెలుగుకు కాచుకోవడమే ఆ ప్రయోగం. ఆ రోజులకు కృష్ణన్ రాసుకున్న డైరీయే సాక్ష్యం.

ఫిబ్రవరి 28న ఆ జాడను వర్ణపటదర్శినిలోంచి చూస్తే, లోపలికి పంపిన రంగు ఒకచోట, కొత్తగా పుట్టిన రంగు ఇంకోచోట, మధ్యలో చీకటి గీతతో విడివిడిగా కనిపించాయి. తర్వాత పాదరసపు దీపం పెట్టారు. దాని కాంతిలో కొన్ని నిర్దిష్టమైన గీతలే ఉంటాయి కాబట్టి, చెదిరాక పక్కన లేచిన కొత్త గీతలు పదునుగా తేలాయి.

ఏం జరుగుతోంది? లెక్కల శాఖలో పదేళ్లు పనిచేసిన మనిషికి తగిన జవాబే ఇది. కాంతి కణం అణువు అనే సుంకం గేటు దగ్గరికి వచ్చే బాటసారి వంటిది. ఎక్కువ భాగం ఏమీ కట్టకుండా తప్పుకుపోతాయి, వాటి రంగు మారదు. ఉజ్జాయింపుగా కోటికొకటి మాత్రం అణువుకు కొంత శక్తి సమర్పించుకుని బయటపడుతుంది. శక్తి తగ్గింది కాబట్టి పౌనఃపున్యం తగ్గి, రంగు ఎరుపు వైపు జరుగుతుంది. అప్పుడప్పుడు అప్పటికే కంపిస్తున్న అణువే ఎదురు చెల్లించి పంపుతుంది, అప్పుడు రంగు నీలం వైపు జరుగుతుంది. ఏ అణువు ఎంత తీసుకుంటుందనేది దాని పరమాణువుల బరువును, వాటి మధ్య బంధాల బిగువును బట్టి ఉంటుంది. లోపలికి పంపిన రంగు ఏదైనా ఆ మొత్తం మారదు. కాబట్టి తేడాను కొలిస్తే చాలు, లోపలున్నది బెంజీనా, ఆల్కహాలా అన్నది సీసా మూత తీయకుండానే చెప్పేయొచ్చు.

మర్నాడే పత్రికల వారికి కబురు వెళ్లింది. మార్చి 16న బెంగుళూరులో రామన్ ఉపన్యాసమిచ్చాడు. అది ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’లో అచ్చయి, దాని ప్రతులు ప్రపంచంలోని పెద్ద భౌతికశాస్త్రజ్ఞులందరికీ పోస్టులో వెళ్లాయి. జర్మనీలో ప్రింగ్‌షైమ్ ఆ ప్రయోగం చేసి చూసి ‘రామన్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టాడు. అమెరికాలో ఆర్.డబ్ల్యు. వుడ్ నిర్ధారించాడు.

ఇక మాస్కో ముచ్చట. పండుగ పూట దాన్ని దాటేయడం సులువేగానీ నిజాయితీ కాదు. అదే ఫిబ్రవరిలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌ష్టామ్ అనే ఇద్దరు అక్కడ క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే ఫలితాన్ని స్వతంత్రంగా చూశారు, కలకత్తా కంటే కొద్ది రోజుల ముందే. ప్రకటించడంలో నెలలు వెనకబడ్డారు. రష్యాలో నేటికీ దీన్ని ఎక్కువగా వేరే పేరుతోనే పిలుస్తారు. 1930 నోబెల్ రామన్ ఒక్కడికే వచ్చింది. ద్రవాల్లో, ఆవిర్లలో, అన్నిటా ఉన్న సాధారణ ధర్మమని అంత విస్తృతంగా నిరూపించిన పనికి ఆ ప్రాధాన్యం న్యాయమేనని నా అభిప్రాయం. కానీ మాస్కో వారి పేర్లు, అంతకన్నా ముఖ్యంగా మన కృష్ణన్ పేరు, పక్కన లేకుండా ఈ కథ చెప్పడం నాకిష్టం ఉండదు.

ఆ సంచలనం జరిగిన ఏడాదే పంతొమ్మిదేళ్ల తెలుగు కుర్రాడు ఒకడు బౌబజార్ చేరాడు. సూరి భగవంతం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివాడు. రామన్, ఈ శిష్యుడు కలిసి కాంతి కణానికి తనదైన భ్రమణం ఉందని ప్రయోగంతో చూపించామని 1931లో ప్రకటించారు. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన భగవంతం వాల్తేరు కొండ మీద ఆ విద్యకు కొత్త కొలువు పెట్టాడు. 1940లో కాంతి పరిక్షేపణం, రామన్ ఎఫెక్ట్‌ల మీద గ్రంథం రాశాడు. టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు ఎలా వాడాలో చెప్పిన పుస్తకం 1948లో వెలువడింది. ఒక అణువు ఆకారంలోని సౌష్ఠవాన్ని బట్టి, దాని కంపనాల్లో ఏవి రామన్ వర్ణపటంలో కనబడతాయో ప్రయోగానికి ముందే కాగితం మీద తేల్చే విద్య అది. ఉస్మానియాకు ఉపకులపతిగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఆయన తర్వాత ఎక్కిన మెట్లు చాలామందికి తెలుసు. మొదటి మెట్టు బౌబజార్‌లో ఉంది. విజయనగరం పంపిన సొమ్ము ఇలా నలభై ఏళ్లకు విద్యగా మారి మళ్లీ ఉత్తరాంధ్ర తీరానికే చేరింది.

1933లో రామన్ బెంగుళూరు వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది అసోసియేషన్ సభ్యుల మధ్య పెద్ద తగవు జరిగి ఆ ఇంటితో ఆయన బంధం తెగింది. స్థానికులు, దక్షిణాదివారు అన్న చీలిక కూడా అందులో ఉంది. ఇంతకంటే తవ్వను. కృష్ణన్ నిలబడి పనిని ముందుకు నడిపాడు. మేఘనాథ్ సాహా హయాంలో, 1950ల మొదట్లో, సంస్థ జాదవ్‌పూర్‌కు తరలింది. బౌబజార్ పాత స్థలంలో ఇప్పుడు కామర్స్ కాలేజీ నడుస్తోంది. లెక్కల ఉద్యోగి భౌతికశాస్త్రం చేసిన చోట లెక్కల పాఠాలు! 1998లో అమెరికన్ కెమికల్ సొసైటీ రామన్ ఎఫెక్ట్‌ను అంతర్జాతీయ చారిత్రక రసాయన ఘట్టంగా గుర్తించింది. 2018 నుంచి అసోసియేషన్‌కు డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా ఉంది.

ఆవిష్కరణ సంగతికొస్తే, అది ముప్పై ఏళ్లు పరిశోధకుల చేతుల్లోనే ఉండిపోయింది. కోటికొక కణాన్ని పట్టుకోవాలంటే ఫోటో ప్లేటు గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి కాచుకోవాల్సి వచ్చేది. 1960 మేలో థియోడర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించాక దశ తిరిగింది. ఒకే రంగు, గురి తప్పని కాంతి దొరికింది. ఇప్పుడు చేతిలో పట్టే రామన్ యంత్రాలు వచ్చేశాయి. మందుల ఫ్యాక్టరీలో దిగిన డ్రమ్ముల్లో బిల్లులో రాసిన రసాయనమే ఉందా అని లోపలి సంచి విప్పకుండా చూస్తారు. పోలీసులు మత్తుపదార్థాలను, రత్నపరీక్షకులు వజ్రాలను, చిత్రకళ నిపుణులు పాత రంగులను దాంతోనే పరీక్షిస్తారు. సముద్రాల అడుగున నడిచే ఇంటర్నెట్ తీగల్లో బలహీనపడిన కాంతిని మళ్లీ పుంజుకునేలా చేయడానికీ ఇదే సూత్రం వాడుకలో ఉంది. 2021 ఫిబ్రవరిలో అంగారకుడి మీద దిగిన పర్సివరెన్స్ రోవర్‌లో రామన్ విధానంతో రాళ్లను చదివే పరికరాలు రెండున్నాయి.

ఈ ఏడాది ఆ ఇంట్లో రెండో పండుగ కూడా ఉంది. రామన్ 1926లో మొదలుపెట్టిన ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’కు సరిగ్గా నూరేళ్లు. తల్లికి 150, బిడ్డకు 100. ఇంకో రెండేళ్లలో రామన్ ఎఫెక్ట్‌కూ నూరేళ్లు నిండుతాయి, కాబట్టి దండలు ఇప్పుడే వాడిపోనీయకండి. జాదవ్‌పూర్‌లోని ఆచార్యులకు, విద్యార్థులకు, పొద్దున్నే వచ్చి ప్రయోగశాల తలుపు తీసే ఉద్యోగులకు మన శుభాకాంక్షలు. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవానికి మన బడుల్లో రామన్ పటానికి పూలు పెట్టే ఉపాధ్యాయులకు మాత్రం ఒక విన్నపం. వచ్చేసారి పక్కన ఇంకో రెండు కుర్చీలు వేసి, వాటి మీద మహేంద్రలాల్ సర్కార్ పటం ఒకటి, ఆనంద గజపతి పటం ఒకటి పెట్టండి. ఆశూబాబు ఫోటో ఎక్కడైనా దొరికితే మూడో కుర్చీ కూడా వేయండి.